ఆమె పక్కన జాగా

కొల్లాపూర్,
22-1-1962

మామకు సైదులు దండం పెట్టి రాసేది.

మీరు బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపిన పటం పగలకుండా చేరింది. గుడ్డ విప్పి చూశాను. యాదలక్ష్మిది మిగిలింది మా పెళ్లి ఫోటో ఒక్కటే. మీరు తీసిందే కదా. మెగ్నీషియం పొడి భగ్గుమనగానే ఆమె రెప్ప వేసింది. ఇన్నేళ్లకు ఆ రెప్పల మీద మీరు కళ్లు దిద్దారు. పక్కనున్న నన్ను తీసేసి ఆమెను ఒక్కదాన్నే పెద్దది చేశారు. కొంచెం పక్కకు తిరిగి, ఎవరినో ఏదో అడగబోతున్నట్టుంది. అచ్చం అట్లాగే చూసేది. మీ చేతికి దండం.

అమ్మకు మాత్రం నచ్చలేదు. నేను మేకు కొడుతుంటే గుమ్మంలో నిలబడి, "దినాలు కాకముందు కండ్లు తెర్వద్దని మీ మామనే చెప్తుండె గదరా. గిప్పుడు గాయననే తెరిచి పంపిండా?" అంది. దినాలు ఎవరికి చేయాలి? భాద్రపదంలో నది దాటే పుట్టి బోల్తాపడ్డప్పుడు అందులో ఉన్నవాళ్లందరూ దొరికారు, బతికో చచ్చో. ఈమె ఒక్కతే దొరకలేదు. మనిషిని చూడకుండా పిండం పెట్టమంటే నా చేతులు లేవవు మామా. అమ్మా నేనూ ఈ సంగతి మీద మాట్లాడుకోవడమే మానేశాం.

ఇక అసలు పని. సోమశిల దగ్గర నదిని కొలవడానికి ఒక ఇంజనీరు వచ్చాడు. అవతలి ఒడ్డు రాళ్లను ఇవతలి నుంచే, దగ్గరగా కనిపించేటట్టు, వరసగా ఫోటో ప్లేట్లు తీసిమ్మంటున్నాడు. పుట్టి ఎక్కి అవతలికి పోరాదా అంటారేమో. ఆ రోజు నుంచి నేను పుట్టి ఎక్కలేదు, ఎక్కను. అందుకని మన హాఫ్ ప్లేటు కెమెరాకు దూరాన్ని దగ్గర చేసే లెన్సు ఒకటి కావాలి. చౌకదాంతో పని జరుగుతుందా, పెద్ద స్టూడియోల వాళ్లు వాడేదే తీసుకోవాలా, మీరే చెప్పాలి. ఈ పని బాగా చేస్తే ఏడాదంతా పిలుస్తానంటున్నాడు.

అత్తను అడిగానని చెప్పండి. చలికి ఆమె మోకాళ్లు ఎట్లున్నాయో రాయండి.

మీ మేనల్లుడు
సైదులు


హైదరాబాద్,
1-2-1962

అల్లుడు సైదులుకు జానయ్య దీవెనలు.

మీ అత్త మోకాళ్లకేం, రాయిలా ఉన్నాయి. నోరు అంతకన్నా గట్టిగా ఉంది.

మా అక్క మాట పట్టించుకోకు. నాకు పని నేర్పిన ఉస్తాద్ చెప్పిన సంగతి ఆమెకు సగమే తెలుసు. శవాన్ని కూర్చోబెట్టి తీసిన ఫోటోలకు కళ్లు దిద్దడం మా రీటచింగ్ వాళ్ల కూడు. దినాలయ్యాకే దిద్దాలి. ముందే దిద్దితే పోవలసిన మనిషి పోక, ఇటే చూస్తూ నిలబడిపోతుందని ఆయన చెప్పేవాడు. అది చచ్చినవాళ్ల ఫోటోకు. ఇది పెళ్లికూతురు ఫోటో. రెప్ప వేసిన పిల్లకు రెప్ప ఎత్తాను, అంతకుమించి ఏమీ లేదు. చూపు పక్కకు ఎందుకు తిప్పానంటావా? పీట మీద నువ్వు పక్కనే ఉన్నావు కదా. ఆమె మెడ నీ వైపు వంగి ఉంది. మెడ అటు, కన్ను ఇటు పెడితే మనిషి కాదు, బొమ్మ అవుతుంది.

లెన్సులు రెండు చూశాను. ఒకటి జుమ్మేరాత్ బజారులో పాత సామాన్ల మధ్య దొరికింది. ఇత్తడి గొట్టం, లోపలి అద్దానికి అంచున బూజు పట్టింది. నడుమ బాగానే చూపిస్తుంది, అంచుల దగ్గర అలికేస్తుంది. వెలుతురు తక్కువ తీసుకుంటుంది కాబట్టి మూత చాలాసేపు తీసి ఉంచాలి. రెండోది ఆబిడ్స్‌లో ఒక పార్సీ సేఠు దగ్గరుంది, జర్మనీది. అద్దం మీద లేత నీలం పూత. ఆ పూత వల్ల వెలుతురు గొట్టంలో ఇటూ అటూ తిరిగి లేనిపోని మచ్చలు పెట్టదు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు. దాని ఖరీదుకు మీ ఊళ్లో ఎద్దుల జత వస్తుంది. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టు మనకెందుకు? రాళ్లకు గుడ్డికన్నా మెల్ల మేలు. ఇత్తడిదే కొని పంపుతున్నాను.

పొడుగు లెన్సు గాలికి ఊగుతుంది. స్టాండు కాళ్ల నడుమ ఒక బరువైన రాయి వేలాడదీయి. మూత తీసినప్పుడు దగ్గర నిలబడి దగ్గకు.

నీ మేలు కోరే
జానయ్య


కొల్లాపూర్,
20-2-1962

మామకు దండాలు.

లెన్సు అందింది. కెమెరా తిత్తిని పూర్తిగా లాగితే తప్ప అందలేదు, అయినా పని చేస్తోంది. మీరు చెప్పినట్టే రాయి కట్టాను. రోజూ తెల్లవారగానే సామానంతా సోమశిలకు మోసుకుపోతున్నాను. నీళ్లు తగ్గి నది సన్నబడింది. అవతల నల్లరాళ్లు, వాటి కింద ఇసుక, పైన నల్లమల అడవి. నల్లగుడ్డ కప్పుకొని వెనక మసక అద్దంలోకి చూస్తే లోకమంతా తలకిందులే, మనకు అలవాటే కదా. కానీ నదిని అట్లా చూడటం నాకు కొత్త. నది పైనుంటుంది, ఆకాశం అడుగునుంటుంది.

నడుమ రాళ్లు బాగానే వస్తున్నాయి, ఇంజనీరు సంతోషించాడు. అంచుల దగ్గర మాత్రం అలుకుతోంది. ఆ అంచులోనే ఒక సంగతి ఉంది, మీకు కాక ఎవరికి రాయను? పొద్దున్నే ఒక ఆడమనిషి వచ్చి అవతలి ఇసుకలో నిలబడుతుంది. ముఖం తెలియదు, తెల్లగా పొడుగ్గా ఒక మచ్చ. మొన్న ప్లేటు కడిగి చూస్తే ఆమె పక్కన మేక కూడా పడింది. మూత తీసి ఉంచినంతసేపు మేక కదిలి పొగలాగా వచ్చింది. ఆమె అసలు కదల్లేదు.

ఇంజనీరు అడిగిన ప్లేట్లు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు నేను పోయేది ఆమె కోసమే. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు పోకపోతే అన్నం సయించడం లేదు.

ఇట్లు
సైదులు


హైదరాబాద్,
27-2-1962

చిరంజీవి సైదులుకు.

నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించాను. ఆమె చెంగుతో కళ్లు తుడుచుకుని, "పోనీలే, పిలగాని మనసు తేటపడ్డది" అంది. నాకూ గుండె మీద బరువు దిగినట్టయింది. సిగ్గుపడకు. ఆరు నెలలు ఏడ్చావు, ఇంక చాలు. అవతలి ఒడ్డు పిల్ల అయితే మాత్రం ఏం, నది అడ్డం ఉన్నంత మాత్రాన చుట్టరికాలు ఆగుతాయా? ఎవరి బిడ్డో, ఏ ఊరో గాలయ్యను అడుగు. ఆ పుట్టి నడిపేవాడికి రెండు ఒడ్ల సంగతులూ తెలుసు. ఆమె కాకుంటే దేవరకొండలో మనకు తెలిసిన సంబంధం ఒకటుంది. అక్కకు విడిగా ఒక కార్డు రాసి పడేశాను.

మేక కదిలి పిల్ల కదలకపోవడంలో వింత లేదు. ఫోటో తీస్తున్నారని తెలిస్తే ఆడవాళ్లు ఊపిరి కూడా బిగబడతారు. మాకు అంత బుద్ధిగా కూర్చునేది చచ్చినవాళ్లే, అందుకే వాళ్లంటే మాకు ఇష్టం.

ముఖం అలికిందని పెద్ద లెన్సు అడగబోతున్నావని నాకు తెలుసు. ఇంజనీరు డబ్బు చేతికి రానీ. అప్పటిదాకా మచ్చనే ప్రేమించు.

నీ మామ
జానయ్య


కొల్లాపూర్,
8-3-1962

మామకు.

ఇట్లాంటి ఉత్తరం మీకు రాయవలసి వస్తుందనుకోలేదు. మీ కార్డును పోస్టుమన్ యాదయ్య అరుగు మీద కూర్చుని, వీధి వీధంతా వినేటట్టు అమ్మకు చదివి పెట్టాడు. దేవరకొండ పిల్ల, అవతలి ఒడ్డు పిల్ల, అన్నీ. అమ్మ లోపలికి పోయి పటం ముందు కూర్చుని సాయంత్రం దాకా లేవలేదు. నేను పిలిస్తే, "నీ పెండ్లాన్ని గంగల కలిపి ఏడాది కాలేదు, నువ్వు గంగ ఒడ్డుకే పోయి పిల్లల్ని చూస్తున్నవా?" అంది. ఆ మాట నన్ను కోసేసింది.

మామా, నేను రాసింది మీకు అర్థం కాలేదు. తప్పు నాదే, తిన్నగా రాయలేదు. ఆ నిలబడేది యాదలక్ష్మి.

ముఖం కనిపించకుండా ఎట్లా చెబుతావంటారా? ఎదుటి వీధి చివరి నుంచి నడిచి వచ్చేది అత్తే అని మీకెట్లా తెలుస్తుంది? ఎడమ భుజం కొంచెం కిందికి దిగి ఉంటుంది. పుట్టి ఎక్కిన రోజు కట్టుకున్న నారాయణపేట చీర కొంగు అంచు లావుగా ఉండేది. ఆ లావు మచ్చలో కూడా కనిపిస్తోంది. నల్లగుడ్డ తీసి వట్టి కళ్లతో చూస్తే అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు. మళ్లీ గుడ్డ కప్పుకుంటే ఉంది.

పిచ్చి అనుకుంటారని గాలయ్యను కూడా చూడమన్నాను. చాలాసేపు గుడ్డ కిందనే ఉండిపోయాడు. బయటికి వచ్చి ముఖం తుడుచుకుని, "తెల్లగ ఏందో అగుపడ్తాంది. నన్ను అడుగకు సైదులన్నా, నేను రోజు గా నీళ్ల మీదనే బతకాలె" అన్నాడు. ఇప్పుడు నన్ను చూస్తే పక్కకు తప్పుకుంటున్నాడు.

నాకు ఆ జర్మనీ లెన్సు కావాలి. ఇంజనీరు పని కోసం కాదు. ఆమె ముఖం చూడాలి. బతికి ఉందో లేదో నాకు తెలియాలి. ఇంత దూరంలో నిలబడి, అది ఆమేనో కాదో తెలియకుండా రోజులు నెట్టడం నా వల్ల కాదు.

సైదులు


హైదరాబాద్,
20-3-1962

అల్లుడికి.

కార్డు సంగతిలో బుద్ధి తక్కువ పని చేశాను. అక్క కాళ్లు పట్టుకున్నానని చెప్పు. ఆ యాదయ్య నోట మన్ను కొట్ట.

ఇప్పుడు నేను చెప్పేది ఓపికగా చదువు. ముప్పై ఏళ్లుగా అద్దాలతో, బొమ్మలతో బతుకుతున్నవాణ్ని. ఆ ఇత్తడి గొట్టంలో బూజుంది. పొద్దున్నే ఎండ నీళ్ల మీద పడి ఆ బూజుకు తగిలి లోపలే చెదురుతుంది. అట్లా చెదిరిన వెలుతురు అంచుల్లో తెల్ల మచ్చగా కూర్చుంటుంది. మేక కదిలింది కాబట్టి అలికింది, మచ్చ లెన్సులోదే కాబట్టి కదల్లేదు. భుజం, కొంగు అంటావా, అవి నీ గుండెలోవి. తాడు నీళ్లలో ఉంటే పామనుకోవడం ఇంకా తేలిక. గాలయ్యకు నువ్వు ముందే చెప్పి చూపించావు, వాడికి కనిపించక ఏమవుతుంది?

అయినా మాటలతో నీకు నమ్మకం కుదరదు. అందుకే సేఠు దగ్గర నా మాట మీద జర్మనీ లెన్సు తీసుకున్నాను. రేపటి బస్సులో వస్తుంది. ఇది నీకు బహుమానం కాదు, మందు. చౌక అద్దం లేనిదాన్ని కూడా చూపిస్తుంది. మంచి అద్దం ఉన్నదాన్నే చూపిస్తుంది, లేనిదాన్ని చచ్చినా చూపించదు. పెద్ద ధర పెట్టేది అందుకే.

ఒక షరతు. ఒక్క ప్లేటు తీసి, కడగకుండా, నల్లకాగితంలో చుట్టి నాకు పంపు. నేనే కడుగుతాను. అందులో రాళ్లు, ఇసుక మాత్రమే ఉంటే నువ్వు నోరెత్తకుండా దినాలు చేయాలి. మనిషికి బదులు పిండి బొమ్మను చేసైనా నీళ్లలో వదలాలి. మా అక్క తల మీద చేయి వేసి ఒప్పుకో.

జానయ్య


కొల్లాపూర్,
6-4-1962

మామకు సైదులు దండాలు.

ఒప్పుకున్నాను. అమ్మ తల మీద చేయి పెట్టే ఒప్పుకున్నాను. ఎందుకని ఆమె అడగలేదు. తల వంచింది.

లెన్సు గురించి ముందు చెప్పాలి, లేకపోతే మీకు కోపం వస్తుంది. ఇంత మంచి వస్తువును నేను ఎప్పుడూ ముట్టుకోలేదు. బిగించి మసక అద్దంలోకి చూడగానే అవతలి ఒడ్డు లేచి వచ్చి నా ముక్కుకు తగిలినట్టయింది. రాళ్ల మీద కాకి రెట్టలు కూడా తెలుస్తున్నాయి. మచ్చలు లేవు. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. మీ మాటే నిజమైందని ఒక్క క్షణం ఏడుపు వచ్చింది.

తరువాత కెమెరాను కొంచెం పక్కకు తిప్పాను.

నేనేం చూశానో రాయను. రాస్తే ముందే చెప్పి చూపించానంటారు. ప్లేటు పంపుతున్నాను, మీరే కడిగి చూడండి. ఒక్క మాట మాత్రం అడగాలి. ఆమె నా వైపు చూడటం లేదు మామా. ఎన్నిసార్లు చూసినా పక్కకే చూస్తోంది. ఎవరో వచ్చి నిలబడాలన్నట్టు పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలి నిలబడుతోంది. కేక వేశాను, తువ్వాల ఊపాను. తల తిప్పదు. ఎందుకో మీకు తెలుసా?

సైదులు


హైదరాబాద్,
15-4-1962

నాయనా సైదులూ.

ఈ ఉత్తరం అందగానే నేను చెప్పినవి చేయి. ఎందుకని ఆలోచించేది తరువాత. పటాన్ని గోడ మీద నుంచి దించి, ముఖం కిందికి పెట్టి, గుడ్డలో చుట్టు. లెన్సును కెమెరా నుంచి తీసి పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మా అక్కకివ్వు. నదికి పోకు. అయ్యవారిని పిలిచి దినాలకు మంచిరోజు పెట్టించు. మీ అత్తకు జ్వరం తగ్గగానే నేను బయలుదేరి వస్తున్నాను.

ప్లేటు కడిగాను. ఆమె ఉంది.

ముందు నీ మీద కోపం వచ్చింది. పటాన్ని ఎదురుగా పెట్టి తీసి నన్ను ఆడిస్తున్నావనుకున్నాను. కానీ పటంలో ఉన్నది నడుము దాకానే. ఈమె పాదాల దాకా ఉంది, పాదాల కింద తడి ఇసుక ఉంది. ఎంత జర్మనీ లెన్సయినా ఆ దూరం నుంచి కళ్లు అంత స్పష్టంగా రావు. అవి వచ్చాయి. భూతద్దం పెట్టి చూశాను. నేను ఎవరికి కళ్లు దిద్దినా, నల్లగుడ్డు మీద చిన్న తెల్ల చదరం పెడతాను, దాన్ని అడ్డంగా ఒక గీతతో కోస్తాను. మా గది కిటికీ అది. కంట్లో వెలుతురు ఉంటే మనిషికి ప్రాణం వస్తుందని ఉస్తాద్ నేర్పాడు. ఆరుబయట ఇసుకలో నిలబడ్డ ఆమె కళ్లలో నా కిటికీ ఉంది సైదులూ. అడ్డగీతతో సహా ఉంది.

ఆ కళ్లు దేవుడు పెట్టినవి కాదు, నేను పెట్టినవి. దినాలు కాకముందే పెట్టాను. పెళ్లికూతురు ఫోటో కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మనిషి అప్పటికే నదిలో ఉంది, ఆ సంగతి లెక్కలోకి తీసుకోలేదు. నీకు కాస్త ఊరట కలగాలన్నదే నా ఆలోచన, ఇట్లా అవుతుందనుకోలేదు. నాకు భయంగా ఉంది. నువ్వు నాకు కొడుకులేని లోటు తీర్చినవాడివి. నా మాట విను.

జానయ్య


కొల్లాపూర్,
24-4-1962

మామకు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు భయపడ్డారు. నాకు మాత్రం చాలా రోజుల తరువాత మనసు కుదుటపడింది.

ఆమె ఎందుకు ఇటు చూడటం లేదో మీరే చెప్పారు, ఫిబ్రవరిలోనే చెప్పారు, నేనే పట్టించుకోలేదు. పీట మీద పక్కనున్న నా వైపు చూస్తున్నట్టు మీరు ఆమె కళ్లు దిద్దారు. ఆ తరువాత నన్ను తీసేశారు. పాపం, ఆమె రోజూ పొద్దున్నే వచ్చి పక్కకు చూస్తోంది. నేనుండవలసిన చోట ఎవరూ లేరు. ఇవతలి ఒడ్డున నేను తువ్వాల ఊపితే ఆమెకెట్లా తెలుస్తుంది? ఆమె చూపు ఇటు లేదు. నేను ఉండవలసింది ఇక్కడ కాదు.

దినాలు చేయమంటున్నారు. షరతు గుర్తుందా? రాళ్లు, ఇసుక మాత్రమే ఉంటే చేస్తానన్నాను.

గాలయ్య మొదట రానన్నాడు. చాలా బతిమాలాక, "దించుత. కానీ నేను ఒడ్డు మీద కాలు పెట్ట" అన్నాడు. శుక్రవారం పొద్దున పోతున్నాను. కెమెరాను ఇవతలి ఒడ్డునే బిగించి, ప్లేటు పెట్టి, గురి చూసి ఉంచుతాను. లెన్సు గేటు తెరిచి మూసే రబ్బరు బుడ్డి అమ్మ చేతికిస్తాను. నేను అవతలి నుంచి తువ్వాల ఎత్తగానే నొక్కమని నేర్పాను. రాళ్ల ఎత్తు తెలియడానికి పక్కన మనిషి నిలబడాలని ఇంజనీరు అడిగాడని చెప్పాను. అమ్మ నమ్మింది. "జల్దిగ రా బిడ్డా, నీళ్లల్ల దిగకు" అంది. అబద్ధం చెప్పినందుకు బాధగానే ఉంది.

సాయంత్రానికి తిరిగి వస్తాను. ఒక్కసారి ఆమె పక్కన నిలబడి, నేనే అని తెలిస్తే చాలు. ఆమెకు తెలిస్తే పోతుందేమో. అప్పుడు మీరన్నట్టే దినాలు చేద్దాం. ప్లేటు మాత్రం మీరే కడగాలి. ఎవరి చేతికీ ఇవ్వవద్దు.

మీరు పెట్టిన కళ్లు బాగున్నాయి మామా. వాటిని తప్పు పట్టుకోకండి.

మీ
సైదులు


కొల్లాపూర్,
12-5-1962

అల్లుడికి.

ఈ ఉత్తరం ఎక్కడికి పంపాలో తెలియకుండానే రాస్తున్నాను. మీ ఇంట్లో, మీ అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. నీ ఉత్తరం నాకు చేరేటప్పటికి శుక్రవారం వెళ్లిపోయింది. మీ అత్తను పక్కింటివాళ్లకు అప్పజెప్పి బస్సెక్కాను. జడ్చర్లలో బస్సు ఆగిపోయి ఒక పూటంతా పడి ఉన్నాను. నేను దిగేటప్పటికి గాలయ్య మీ గుమ్మంలో తల పట్టుకుని కూర్చున్నాడు.

నిన్ను దించి నది నడుమకు వచ్చి తిరిగి చూశాడట. నువ్వు రాళ్ల దగ్గర నిలబడి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పక్కకు తిరిగి ఉన్నావట. తువ్వాల ఎత్తావు. అక్క బుడ్డి నొక్కింది. సాయంత్రం పుట్టి తీసుకుపోతే ఇసుక మీద తువ్వాల ఒక్కటే ఉంది. నీళ్లు వెతికారు, అడవి వెతికారు. మోకాలు లోతు కూడా లేని చోట మనిషి ఎట్లా పోతాడని గాలయ్య నన్నే అడుగుతాడు. అవతలి ఊళ్లకు మనుషులను పంపాను. ఎవరూ చూడలేదు.

ప్లేటు నేనే కడిగాను. నీ చీకటి గదిలోనే, నీ పళ్లేలలోనే కడిగాను. ఇద్దరూ ఉన్నారు. పెళ్లి పీట మీద ఎట్లా ఉన్నారో అట్లాగే, భుజానికి భుజం ఆనించి ఉన్నారు. ఆమె చూపు మారలేదు, నేను దిద్దిన వైపే ఉంది. కానీ ఇప్పుడు ఆ వైపు నువ్వున్నావు. ఆమె ముఖంలో ఆ అడగబోతున్నట్టుండేది పోయింది.

నీ కళ్లు మూసి ఉన్నాయి సైదులూ.

రెప్ప వేశావేమో. ఎండ ముఖాన కొట్టి ఉంటుంది. ఆ లెన్సుకు రెప్ప పడేంతలో మూసుకునే గేటు ఉంది, సరిగ్గా ఆ క్షణమే దొరికి ఉంటుంది. పెళ్లినాడు ఆమె వేసింది, ఇప్పుడు నువ్వు వేశావు. అట్లాగే అనుకుంటున్నాను. నువ్వు ఏ అడవి ఊళ్లోనో ఉంటే ఒక్క ముక్క రాయి, నన్ను ఇంకేమీ అనుకోనివ్వకు.

అక్క ఏడవడం లేదు, దానికే నాకు భయం. రోజూ తెల్లవారగానే కెమెరా మోయించుకుని సోమశిలకు పోతోంది. జర్మనీ లెన్సు తీసి దాచి, ఇత్తడిది బిగించి ఇచ్చాను. అందులో ఏం కనిపిస్తుందిలే అనుకున్నాను. నిన్న నల్లగుడ్డ కింద నుంచి బయటికి వచ్చి, "రెండు మచ్చలు అగుపడ్తున్నయ్ తమ్ముడా. గీ అద్దం మంచిగ లేదు, నా కొడుకు మొఖం తెలుస్తలేదు. గా మంచిది తియ్యి" అంది. మంచిదాంట్లో నీ కళ్లు మూసి కనిపిస్తాయని ఆమెకు ఎట్లా చెప్పను? చౌకదే ఉంచితే ఆ మచ్చలు చూస్తూ బతికినంతకాలం అక్కడే కూర్చుంటుంది. ఒక లెన్సు ఎంచుకోవడానికి ఇంత కష్టపడతానని ఏనాడూ అనుకోలేదు.

కానీ ఆమెకు తెలిసిపోయింది. ఆ ప్లేటు నుంచి కాగితం మీదికి దించి, రాత్రి తీగ మీద ఆరబెట్టిన బొమ్మను పొద్దున నేను లేచేసరికే చూసేసింది. దినాల మాట ఎత్తితే నా నోరు మూసింది. బొమ్మను, నా సంచిలోని కుంచెను తెచ్చి నా ముందు పెట్టి, "కోడలికి తెరిచినవ్ గద. నా కొడుక్కు గూడ తెర్వు. నా దిక్కు చూసెటట్టు తెర్వు" అంది. అప్పటి నుంచి ఎదురుగా కూర్చునే ఉంది. అన్నం తినలేదు.

ఉస్తాద్ మాట నాకు గుర్తుంది. ఈసారి తెలిసి చేసినవాణ్ని అవుతాను. నీ చూపు అమ్మ వైపు తిప్పితే ఆ పిల్ల పక్కన మళ్లీ ఎవరూ లేనట్టే. ఆ పిల్ల వైపు తిప్పితే అక్క రోజూ నది ఒడ్డున నీ చెంపను చూస్తూ కూర్చోవాలి. మూసి ఉంచితే నువ్వు పోయావని నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టు.

కుంచె తడిపాను. గాలయ్య ఈ ఉత్తరాన్ని అవతలి ఒడ్డున నీ తువ్వాల దొరికిన చోట రాయి కింద పెట్టి వస్తానన్నాడు. నువ్వే చెప్పు అల్లుడూ, ఎటు చూసేటట్టు దిద్దమంటావు?

మీ మామ
జానయ్య